తొమ్మిది రోజుల పని

"నాలుగన్నాను కదండీ."

తలుపు తట్టకుండా, నమస్కారమైనా పెట్టకుండా ప్లానింగు గదిలోకి వచ్చి అతను అన్న మొదటి మాట అది.

గదిలో గోడంతా ఒకటే బోర్డు. కొత్త రాకెట్టు మొదటి ప్రయోగానికి మిగిలిన పనులన్నీ దాని మీద అట్టముక్కలుగా వేలాడుతున్నాయి. పూర్తయినవి పచ్చవి, ఆలస్యమైనవి ఎర్రవి. ఆ ఉదయం మొత్తానికి ఎర్రది ఒక్కటే ఉంది. దాని మీద 'వాల్వు' అని రాసుంది.

స్టూలెక్కి బోర్డు సర్దుతున్న అమ్మాయి దిగకుండానే వెనక్కి చూసింది.

"అన్నారు. నేను రెండు రాసుకున్నాను."

"నాలుగు రెండెలా అయిందండీ?"

"ఇక్కడంతే. మీరు కొత్త కదా."

కొత్తే. వాల్వుల విభాగానికి వచ్చి పది రోజులు కాలేదు. అందుకే ఆ ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతి అతనికి తెలియదు. సోమవారం మీటింగులో ప్లానింగు వాళ్లు మీ పనికి ఎన్ని రోజులని అడుగుతారు. రెండు రోజుల పనికి నాలుగని చెప్పాలి. వాళ్లు సగానికి కోసి రెండు రాసుకుంటారు. ఇద్దరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పాత ప్లానరు రిటైరవుతూ ఈ అమ్మాయికి బీరువా తాళాలతో పాటు అప్పగించిన విద్య ఇదొక్కటే. ఆమె దాన్ని ఎంత శ్రద్ధగా అమలు చేసిందంటే, మూడు నెలల్లో 'కత్తెర' అని పేరు పడిపోయింది.

"పోనీ, ఓ పని చేయండి," అంది కత్తెర స్టూలు దిగి. "ఇకనుంచి నాలుగు కావాలంటే ఎనిమిదని చెప్పండి. నాలుగు రాస్తాను, గొడవుండదు."

"నాలుగు రోజుల పనికి ఎనిమిదని నేనెందుకు చెప్పాలి?"

"అందరూ చెబుతున్నారు."

"అందరూ నూతిలో దూకితే నేనూ దూకాలా?"

"దూకొద్దు లెండి. గట్టునే నిలబడి ఆ ఎర్ర అట్ట చూసుకుంటూ ఉండండి."

అతను వెళ్లిపోయాడు. మర్నాడు సాయంత్రం, అంటే తను చెప్పిన నాలుగో రోజున, పని పూర్తయిందని కాగితం పంపాడు. ఆమె స్వయంగా వెళ్లి చూసొచ్చింది. నిజంగానే పూర్తయింది.

తర్వాతి సోమవారం అతను మూడన్నాడు. ఆమె చెయ్యి అలవాటుగా ఒకటిన్నర రాసింది. ఒక్క క్షణం ఆగి, కొట్టేసి మూడు రాసింది. మూడో రోజుకల్లా పని అయింది. ఆ తర్వాత వాల్వుల వరుసలో కత్తెర పడలేదు. తూకంలో తేడా రాని మనిషని ఆఫీసు అతనికి 'ధర్మకాటా' అని పేరు పెట్టింది.

"అతనికో న్యాయం, మాకో న్యాయమా అమ్మాయ్?" అని వైరింగు పెద్దాయన నిష్ఠూరమాడాడు.

"మీరూ నిజం చెప్పండి. మీదీ కొయ్యను."

"ఇప్పుడా? ఈ వయసులో కొత్త అలవాట్లు నాకు పడవు తల్లీ."

ఇందులో ప్రేమెక్కడుందని మీరు అడగొచ్చు. అప్పటికి ఎక్కడా లేదు. కాకపోతే ఆమె అతన్ని తనకు అవసరం లేనివి కూడా అడగడం మొదలుపెట్టింది. టీకి ఎంతసేపట్లో వస్తారని అడిగేది. అతను ఏడు నిమిషాలంటే ఏడో నిమిషానికి వచ్చేవాడు. ఆమె గడియారం చూసుకునేది. పనీపాటా లేని వాళ్లు చేసే పని అది, ఆమెకేమో బోలెడు పని ఉంది.

ఒక మధ్యాహ్నం రాకెట్టును నిలబెట్టిన పెద్ద షెడ్డు వసారాలో ఇద్దరూ వానకు చిక్కుకున్నారు.

"ఈ వాన ఎంతసేపుంటుందంటారు?" అంది.

"తెలీదండి."

"ఉజ్జాయింపుగా చెప్పండి."

"ఉజ్జాయింపులు మీ విభాగం కదా."

ఆమె నవ్వింది. అప్పుడు చూసింది, అతని చేతిలో గొడుగుంది.

"చేతిలో గొడుగు పెట్టుకుని ఇక్కడ నిలబడ్డారేంటి?"

"ఇది ఇద్దరికి సరిపోదు."

"అందుకని?"

"అందుకని ఆగాను."

ఆమె ఏం మాట్లాడాలో తోచక, ఎవరికీ చెప్పని మాట అతనికి చెప్పేసింది.

"ప్రయోగం తేదీ ఇప్పటికి రెండుసార్లు వెనక్కి జరిగింది. ఒకసారి తుపాను, ఒకసారి కేబుళ్లు. ఇప్పుడు పద్దెనిమిది అనుకున్నాం. ఇదీ జరిగితే బోర్డు ఇంకొకరికి ఇస్తానన్నారు డైరెక్టరుగారు. మూడేళ్లు స్టోర్సులో నట్లూ బోల్టులూ లెక్కపెట్టి ఇక్కడిదాకా వచ్చానండి. ఇది ఎగిరేదాకా ఆ బోర్డు దగ్గర ఉండాలని నా కోరిక. ఇంకేం అక్కర్లేదు."

అతను ఓదార్చలేదు. ఓదార్పుకు లెక్కంటూ ఉండదు కాబట్టి అతనికి అది రాదు. గొడుగు తెరిచి ఆమె చేతికిచ్చి, తను తడుస్తూ వెళ్లిపోయాడు.

ఆమె ఉండేది అక్కా బావల దగ్గర. బావకు పోస్టాఫీసులో ఉద్యోగం.

"పద్దెనిమిది ఖాయమేనా మరదలా?" అన్నాడాయన భోజనాల దగ్గర. "నీ రాకెట్టు కోసం మూడోసారి సెలవడిగాను. మా పోస్టుమాస్టరు నేను కాగితం తియ్యకముందే నవ్వుతున్నాడు."

"ఖాయమే బావా. ధర్మకాటా కూడా వాల్వు అయిపోయిందన్నాడు."

"ఇది ఆరోసారి."

"ఏది?"

"ఈ పూట ఆ ధర్మకాటా పేరెత్తడం."

"పనేం లేదా, లెక్కపెడుతున్నావా?"

"పొద్దస్తమానం ఉత్తరాలు లెక్కపెట్టే వాణ్ణి. అలవాటు ఊరికే పోతుందా?"

అక్క నవ్వాపుకోలేక నీళ్ల చెంబు కోసం లేచింది.

పదో తేదీ పొద్దున్న వాల్వు కారింది. రెండో దశ ఇంజనుకు ఇంధనం వదిలే ప్రధానమైన వాల్వు అది. ఆఖరి పరీక్షలో ఉండవలసినదాని కంటే వెంట్రుకవాసి ఎక్కువ కారింది. తొమ్మిదింటికల్లా డైరెక్టరు గదిలో పదకొండు మంది చేరారు. బోర్డు మీద అప్పటికి రెండు రోజులు మాత్రమే ఖాళీ ఉంది. రెండు దాటితే పద్దెనిమిది పోయినట్టే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"ఎన్ని రోజులు?" అన్నాడు డైరెక్టరు.

ధర్మకాటా ముందు కాగితం ఉంది. ఎప్పుడూ దాన్ని చూసి టక్కున చెప్పేవాడు. ఈసారి తలెత్తి, బల్లకు అవతల కూర్చున్న ఆమెను చూశాడు.

"రెండు సార్."

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ధర్మకాటా రెండంటే రెండే మరి. వైరింగు పెద్దాయన టీ చెప్పండ్రా అనబోయాడు.

ఆమె పెన్ను తీసి తొమ్మిది రాసింది.

"అదేంటమ్మా? రెండన్నాడు కదా అతను," అన్నాడు డైరెక్టరు, కాగితంలోకి తొంగిచూసి.

"అన్నారు సార్. కానీ కారకుండా పట్టి ఉంచే సీలు మార్చాలి. తర్వాత మూడుసార్లు గడ్డకట్టేంత చల్లబరచాలి, మూడుసార్లు మళ్లీ మామూలుకు రానివ్వాలి. తొమ్మిది రోజుల పని."

"ఇన్నాళ్లూ అతని మాట అక్షరం మార్చకుండా రాసుకున్నావు. ఇవాళ మాత్రం తప్పని నీకెలా తెలుసు?"

"ఎప్పుడూ కాగితం చూసి చెబుతారు సార్. ఇవాళ నా మొహం చూసి చెప్పారు."

 తను ఏమందో ఆమెకు అన్నాక అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి, కానీ పెన్ను మాత్రం కదల్లేదు. వైరింగు పెద్దాయన దగ్గాడు.

డైరెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని అతని వైపు తిరిగాడు. "నువ్వేమంటావయ్యా?"

అతను కాగితంలోకి చూశాడు.

"తొమ్మిదే సార్."

"నేను చెప్పిన మాట గుర్తుంది కదమ్మా?"

"గుర్తుంది సార్. ముందు తొమ్మిది రాసుకోండి."

డైరెక్టరు చెడ్డవాడేం కాదు. పైవాళ్లకు మూడు తేదీలు చెప్పి మూడూ మింగవలసి వచ్చిన మనిషి. ఎవరినో ఒకరిని కుర్చీలోంచి లేపాడని వాళ్లకు కనబడాలి. ప్రయోగం ఇరవై అయిదుకు జరిగింది, ఆమె స్టోర్సుకు జరిగింది.

ఆ రోజు మీటింగు కాగానే నడవాలో అతను ఆమె వెనకాలే వచ్చాడు.

"ఎందుకు చెప్పారు అబద్ధం?" అందామె ఆగకుండానే.

"మీ బోర్డు పోతుందని."

"రెండు రోజుల్లో ఏం చేద్దామనుకున్నారు?"

"సీలు మార్చి, ఒక్కసారి చల్లబరిచి చూద్దామని."

"సరిపోతుందా?"

అతను చేతిలోని కాగితం వైపు చూశాడు.

"మీరు నన్ను కాపాడక్కర్లేదు," అంది. "అది పైకెళ్లాక తెరుచుకోకపోతే నా బోర్డు నేనేం చేసుకోను? మీ మొహం మీరెక్కడ పెట్టుకుంటారు? నాకు కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది. నాతో మాట్లాడకండి."

అతను మాట్లాడలేదు. సీలు విప్పి చూస్తే లోపలివైపు సన్నటి చీలిక కనబడింది. ఒక్కసారి చల్లబరిస్తే బయటపడేది కాదు. ఈ సంగతి ఆమెకు వైరింగు పెద్దాయన చెప్పాడు. ఆ రోజు ఆమె నట్ల డబ్బాలు రెండుసార్లు తప్పు లెక్కపెట్టింది.

"కుర్చీ పోయిందా?" అన్నాడు బావ ఇంట్లో.

"పోయింది బావా. నీ సెలవు కూడా పోయింది."

"నాలుగోసారి అడగడానికి నాకేం సిగ్గు లేదులే. నువ్వు మాత్రం అతన్ని ఒకసారి ఇంటికి తీసుకురా. అబద్ధం చెప్పడం చేతకాని మనిషిని చూసి చాలాకాలమైంది."

ప్రయోగం రోజున వాల్వులు చేసిన వాళ్లకు పనుండదు. చేసేదంతా అంతకుముందే అయిపోతుంది. పది గంటలకు అతను స్టోర్సు వెనక, సరుకు దింపే సిమెంటు అరుగు దగ్గరికి వచ్చాడు. ఆమె అక్కడ ఒక్కతే నిలబడి ఉంది. కాస్త పక్కకు జరిగింది. అతను వచ్చి నిలబడ్డాడు.

చెట్ల పైనుంచి ముందు వెలుగు లేచింది, తర్వాత రాకెట్టు, చాలాసేపటికి చప్పుడు. స్టోర్సు కిటికీలన్నీ గడగడలాడాయి. మేడల మీద జనం కేకలు వేశారు, చప్పట్లు కొట్టారు. ఆమె కళ్లు నిండాయి. పక్కకు చూస్తే అతను చప్పట్లు కొట్టడం లేదు. చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తున్నాడు.

"ఏమైంది?"

"నా వాల్వు ఇంకా తెరుచుకోలేదు. అది నాలుగో నిమిషంలో."

రాకెట్టు చుక్కంత అయింది. తర్వాత చుక్క కూడా లేదు. స్తంభానికి కట్టిన స్పీకరులో ఎవరిదో గొంతు అంకెలు చదువుతూ పోతోంది. రెండు నిమిషాలు గడిచాయి.

"మీతో ఒక మాట చెప్పాలి," అన్నాడు. "అది తెరుచుకోకపోతే మళ్లీ మీ ఎదుటికి వచ్చే మొహం నాకుండదు. అందుకే ఇప్పుడే చెప్పేస్తున్నాను. మీరంటే నాకిష్టం."

"ఆ సంగతి మీటింగులో పదకొండు మంది మధ్య నేనే చెప్పాను కదండీ."

"మరి మీరేమంటారు?"

"నా జవాబుకీ మీ వాల్వుకీ సంబంధం లేదు."

"అంటే?"

"అది తెరుచుకున్నా, తెరుచుకోకపోయినా మా ఇంటికి రండి. మా బావ మిమ్మల్ని చూడాలంటున్నాడు. నేనూ రమ్మంటున్నాను."

అతను ఆమె వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, ష్, అని స్పీకరు చూపించింది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

"రెండో దశ మండింది. ఇంధనం సరిగ్గా అందుతోంది," అంది స్పీకరులో గొంతు, ఏమీ జరగనట్టుగా.

అతను అరుగు అంచున కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆమె పక్కనే కూర్చుని, ఆ భుజాలు కుదుటపడేదాకా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

"లే," అంది చివరికి. "ప్యాంటంతా సిమెంటు దుమ్ము. మొహం కడుక్కుని రా, నేను టీ తెస్తాను."

అండీ, మీరూ లేకుండా ఆమె అతనితో మాట్లాడడం అదే మొదలు.