యాలాల్ దిక్కునుంచి ఫోన్

మే నెల. తాండూరు ఫైర్ స్టేషన్‌లో ఫోన్లు ఎత్తే గదిలో ఐమన్ పొద్దున ఆరింటి నుంచీ కూర్చునే ఉంది. మధ్యాహ్నం రెండింటికి రావలసిన మనిషికి జ్వరం వచ్చింది. "ఇంకో డ్యూటీ చెయ్యమ్మా, జర సర్దుకో" అన్నాడు ప్రేమ్‌సాగర్. ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఆయనది, ఆ గదికి ఆయనే పెద్ద. ఐమన్‌కు ఉద్యోగంలో రెండు నెలలు కూడా నిండలేదు. వికారాబాద్‌లో మూడు వారాలు ట్రైనింగ్, ఆ తర్వాత ఇక్కడ ఆయన పక్క కుర్చీలో.

నేర్పింది కొంచెమే. ఊరు అడగాలి, ఆనవాలు అడగాలి, విన్నది మళ్ళీ చదివి వినిపించాలి, గంట కొట్టాలి. లోపల చిక్కుకున్నవాళ్ళు ఫోన్ చేస్తే మాత్రం బండి చేరేదాకా లైను వదలకూడదు. ఆ రోజు అప్పటికే పదకొండు ఫోన్లు. గడ్డివాములు, ఒక ట్రాన్స్‌ఫార్మర్. ఒక తాగుబోతు మూడుసార్లు చేసి తన కడుపు మండుతోందన్నాడు. మూడోసారికి ఐమన్‌కు కోపం కూడా రాలేదు. కళ్ళు మూతలు పడుతుంటే చల్లారిన చాయ్ తాగి మళ్ళీ పెన్ను పట్టుకుంది.

ఆరున్నరకు గాలిదుమారం లేచి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఒక్క బల్బు మిగిలింది. కిటికీ సందుల్లోంచి నాపరాళ్ళ దుమ్ము వచ్చి రిజిస్టర్ మీద తెల్లగా పరుచుకుంది.

అప్పుడే మహేందర్ అనే రైతు ఫోన్ చేశాడు. యాలాల్ అవతల పల్లెలో వాళ్ళ పాత ఇల్లు అంటుకుంది. ఐమన్ గంట కొట్టింది. మంటలార్పే జట్టు పెద్ద నవీన్‌కుమార్ తన మనుషులతో బండెక్కి బయలుదేరాడు.

పావుగంటకు మళ్ళీ ఫోన్ మోగింది. నంబరు కనిపించే చోట ఒక్క అంకె కూడా లేదు.

"లోపల పిల్ల ఉన్నది" అంది వయసు మళ్ళిన ఆడగొంతు.

"ఏ ఊరమ్మా? ఎక్కడకెల్లి మాట్లాడుతున్నరు?"

"గా కాలుతున్న ఇంట్లకెల్లే, బిడ్డా."

ఐమన్ వీపు నిటారైంది. ఆ గొంతులో దగ్గు లేదు, ఆయాసం లేదు. వెనక మంటల చప్పుడూ లేదు. రోజంతా పొలంలో వంగి పనిచేసి వచ్చిన మనిషి గొంతులా, వట్టి అలసట.

"మీరు బయటికి రండి. బండి వస్తున్నది."

"నాకేం తొందర లేదు. పిల్లను తియ్యుండ్రి. కందుల బస్తాల వెనుక గోడ ఉన్నది. గా గోడ అవతల."

ఐమన్ ఒక చెవికి ఫోన్ ఆనించుకునే, మాట్లాడే వైపు చేత్తో మూసి, వైర్‌లెస్ సెట్‌లో పిల్ల సంగతి చెప్పింది. బండి అప్పుడే చేరింది. సెట్లో నవీన్‌కుమార్ గొంతు గరగరలాడింది. "లోపల ఎవరు లేరు. మహేందర్ చెప్తున్నడు, అందరు బయటనే ఉన్నరు. గా ఇంట్ల చిన్నపిల్లలే లేరంట. దూలాలకు అంటుకున్నది, నా మనుషుల్ని లోపలికి పంప."

"ఆయన గట్లనే అంటడు" అంది ఫోన్లో ముసలమ్మ.

సెట్లో మాట ఆమెకు ఎలా వినబడింది?

"పైపు పట్టుకున్న పిలగాడు వాకిట్ల ఎడమ దిక్కుకు నిలబడ్డడు. జరగమను."

ఐమన్ సెట్ బటన్ మీద వేలు పెట్టింది. తప్పు చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే...

"సార్... పైపు పట్టుకున్నాయన్ను జరపండి. ఎడమ దిక్కుకెల్లి జరపండి."

సెట్లో నవీన్‌కుమార్ కేక వినబడింది. తర్వాత ఏదో కూలిన పెద్ద మోత. చాలాసేపు గరగర.

"సజ్జ కూలింది" అన్నాడు నవీన్‌కుమార్ మెల్లగా. "ఆడు జరిగిండు. నీకెట్ల తెలిసింది?"

"కందుల బస్తాల వెనుక గోడ పగలగొట్టుండ్రి సార్, బయటికెల్లే. పిల్ల ఉన్నది."

ప్రేమ్‌సాగర్ లేచి వచ్చాడు. "లైన్ల ఎవరమ్మా?" అంటూ ఫోన్ తీసుకుని చెవిదగ్గర పెట్టుకున్నాడు. విన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫోన్ తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

గడ్డపారల దెబ్బలు సెట్లో వినబడుతున్నాయి. ఒకటి... రెండు... తర్వాత ఆగిపోయాయి.

"ఉన్నది" అన్నాడు నవీన్‌కుమార్. "పిల్ల... ఊపిరి ఆడుతున్నది."

"సరే బిడ్డా" అంది ముసలమ్మ చెవిలో. "ఇగ నువ్వు చూస్కో."

లైను తెగింది.

ఎనిమిదిన్నరకు బండి తిరిగొచ్చింది. నవీన్‌కుమార్ మెట్ల మీదే కూలబడ్డాడు. ఆ గోడ వెనుక మంచమంత చోటు ఉందట. నాలుగు వైపులా నాపరాళ్ళే, తలుపు లేదు, కిటికీ లేదు. తాత కాలం నుంచి గోడ అలాగే ఉందన్నాడట మహేందర్. పిల్లను చూసి వెనక్కి నడిచాడట. ఊళ్ళో ఎవరూ ఆ పిల్ల మాది అనలేదట.

"నువ్వు ఇంటికి పో, నేను కూర్చుంట" అన్నాడు ప్రేమ్‌సాగర్.

"ఫోన్ల మీకేం వినబడ్డది సార్?"

ఆయన రిజిస్టర్‌లో గీత గీస్తున్నాడు. స్కేలు రెండుసార్లు జారింది. "పో అమ్మా" అన్నాడు.

ఐమన్ ఇంటికి పోలేదు. కాళ్ళు ఈడ్చుకుంటూ పిల్లను చేర్చిన ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడా కరెంటు లేదు. చివరి మంచం మీద అయిదేళ్ళ పిల్ల. ఒంటి మీద మసి లేదు, ఒక్క గాటు లేదు. రెండు చేతులకూ పాత చీరపేలికలు చుట్టి ఉన్నాయి.

"చేతులు కాలినయేమో అనుకున్న" అంది నర్సు సత్యమ్మ గొంతు తగ్గించి. "విప్పి చూసి మళ్ళ చుట్టిన. నువ్వు గూడ చూడు."

పేలిక వదులు చేయగానే పచ్చి ఆకు వాసన గుప్పుమంది. గోరింటాకు. వేళ్ళ కొసలకు టోపీలు, అరచేతి నడుమ గుండ్రటి చందమామ. ఎవరో పక్కన కూర్చుని, తీరిగ్గా, ముద్దుగా పెట్టిన చెయ్యి.

సత్యమ్మ టార్చి దగ్గరికి తెచ్చింది.

ముద్ద ఇంకా తడిగానే ఉంది.