గేర్‌బాక్స్ మాత్రం తర్వాత

ఆ ఆదివారం మా చర్చిలో ద్రాక్ష దీవెన, కొత్త పంటని దేవుడికి చూపించే పండుగ. ఫాదర్‌గారు వచ్చారు, రెండు వందల మంది జనం వచ్చారు. ద్రాక్ష ఒక్కటే రాలేదు. అది నా దగ్గర ఉంది. నేనేమో ఫ్రెస్నో ఊరి నడిబొడ్డున, సిగ్నల్ దగ్గర, కదలని పికప్‌లో కూర్చుని ఉన్నాను.

1957లో ద్రాక్ష ఇచ్చే వంతు మాది. నానమ్మ తెల్లవారుతూనే తోటలోకి వెళ్ళి గుత్తులు తనే ఏరి, నాలుగు పెట్టెలు నింపి, "ఒక్క పండు కూడా నోట్లో వేసుకోకు జావెన్" అని మరీ మరీ చెప్పి పంపింది. దీవెన కాకముందు మా వాళ్ళెవరూ ద్రాక్ష ముట్టరు. తోటలోనే పుట్టి పెరిగినా ఆగస్టు నడిమి దాకా గుటకలు మింగుతూ తిరగాల్సిందే.

తప్పంతా నాదే. తాత వదిలేసిన పాత పికప్‌లో, నుజ్జయిన ఓ పెద్ద కారు నుంచి పీకిన ఇంజన్ బిగించాను. అసలు ఇంజన్‌కి రెండింతల బలం దానిది. పచ్చదీపం వెలగ్గానే, పక్క కారువాడు చూస్తున్నాడు కదా అని గట్టిగా తొక్కాను. వెనక టప్పుమని చప్పుడైంది. ఇంజన్ గర్జిస్తూనే ఉంది, బండి మాత్రం అంగుళం జరగలేదు.

పక్క కొట్టువాడు ఫోన్ చేస్తే పావుగంటకి ఓ క్రేన్ లారీ వచ్చింది. అందులోంచి నూనె మరకల ప్యాంటులో ఒకమ్మాయి దిగింది. వంగి బండి కిందికి చూసి, లేచి చేతులు దులుపుకుంది.

"ఇంజన్ బాగుంది. వెనక ఇరుసు హౌసింగ్ ఎవరిది, మీ తాతదా?"

"అవును."

"పాపం, ఈ వయసులో ఆయనతో పరుగుపందెం పెట్టించావు."

నాకు ఒళ్ళు మండింది. కానీ చర్చికి చేర్చేది ఆమె ఒక్కతే కాబట్టి నోరు మూసుకున్నాను. పికప్ వెనక భాగాన్ని క్రేన్‌కి ఎత్తి కట్టింది. ద్రాక్ష పెట్టెలు మూడు మా ఇద్దరి మధ్య, నాలుగోది నా ఒళ్ళో. కంగారుపడితే నా చేతికి ఏదో ఒక పని కావాలి. రెండు వీధులు దాటాక చూసుకుంటే నోట్లో ద్రాక్షపండు ఉంది.

ఆమె నా వంక చూసింది. నేను నమలడం ఆపేశాను.

"మింగెయ్" అంది రోడ్డు మీదికి చూపు తిప్పుకుంటూ. "ఉమ్మితే ఇంకా పాపం."

బండి వెనక వేలాడుతుండగా, ఒళ్ళో ద్రాక్షపెట్టెతో నేను చర్చి ముందు దిగిన తీరు మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పండు సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచే నాకు నిద్ర పట్టడం మానేసింది.

ఆమె పేరు అర్పినే. వాళ్ళదీ మా చర్చే. తండ్రి మిహ్రాన్‌గారి షెడ్డులో వెనక ఇరుసుని తిప్పే పళ్ళచక్రాలు, అదే క్రౌన్, పినియన్, బిగించేది ఆమే. పళ్ళకి పసుపు రంగు పూసి, చేత్తో తిప్పి, ఒకదాని రంగు రెండోదానికి ఎక్కడ అంటిందో చూస్తుంది. సరిగ్గా నడుమ అంటేదాకా వాటి వెనక పెట్టే పలచటి రేకులు మారుస్తూనే ఉంటుంది. రేసు బళ్ళవాళ్ళలాగా పినియన్ నాలుగున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేట్టు పెట్టమన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"బలం లేని ఇంజన్‌కి అన్ని చుట్లు కావాలి. నీదానికి మూడున్నర చాలు. అరవకుండానే బరువు లాగుతుంది." కాస్త ఆగి, "కొంతమంది మనుషులకి కూడా ఆ సంగతి తెలిస్తే బాగుండు" అంది.

పెద్ద బండి హౌసింగ్ తెచ్చి, పొట్టి చేసి, నా పికప్‌కి అమర్చింది. ఆ పనికి వారం పట్టింది. నేను రోజూ వెళ్ళాను. ఆఖరి రోజు ఆమె గేర్‌బాక్స్ మీద తట్టి, ఇది కూడా పాతదే, ఇప్పుడు వెనక భాగం విరగదు కాబట్టి ఇంజన్ బలమంతా దీని మీదే పడుతుంది, మార్చేద్దాం అని చెప్పింది. మాట నిజమేనని నాకూ తెలుసు.

"గేర్‌బాక్స్ మాత్రం తర్వాత" అన్నాను.

ఎందుకో చెప్పాలా? అన్నీ ఒకేసారి బాగుపడితే నాకు ఆ షెడ్డుకి వెళ్ళే పనేముంటుంది? అది మూలగడం మొదలుపెడితే మళ్ళీ వారం రోజులు ఆమె ఎదురుగా కూర్చోవచ్చు. అంతవరకే ఆలోచించాను. ఆమె నన్ను ఓసారి తేరిపార చూసి, సరే నీ ఇష్టం అనేసింది. రెండో మాట మాట్లాడకపోవడం నాకు వింతగానే అనిపించింది.

సెప్టెంబర్‌లో ద్రాక్ష కోసి, సాళ్ళ మధ్య కాగితాల మీద ఆరబోశాం. మూడు వారాల ఎండకి గుత్తులు ముడుచుకుని కిస్‌మిస్ అయ్యాయి. మా ఇంటి ఏడాది బతుకంతా అలా నేల మీద పరిచి ఉంది. ఆ టైములో వాన పడితే ఇక అంతా బూజే.

శనివారం మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. నాన్న, నానమ్మ, ఇరుగుపొరుగు అందరం కాగితాలు చుట్టి పెట్టెల్లో నింపాం. పెట్టెలన్నీ మైలు దూరంలో ఉన్న రేకుల కొట్టంలోకి చేరాలి. మొదటి ట్రిప్పు నింపి నేను క్లచ్ వదిలాను. కింద గేర్‌బాక్స్‌లో గలగలమని పళ్ళు రాలిన చప్పుడు.

నాన్న చేతిలో పెట్టె దించాడు. ఆకాశం వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాను. ఒకమ్మాయిని చూడ్డానికి నేను ఇంటిల్లిపాది తిండిని పణంగా పెట్టాను.

పరిగెత్తి పక్కింటి నుంచి ఫోన్ చేశాను. "గేర్‌బాక్స్" అన్నాను.

"వస్తున్నా" అంది.

ఇరవై నిమిషాల్లో క్రేన్ లారీ తోటలో ఉంది. అర్పినే పికప్ కిందికి దూరి చక్రాలు తేలిగ్గా తిరిగేట్టు వెనక షాఫ్ట్ విప్పేసి, ముందు గొలుసు కట్టింది. ఆమె లాగుతుంటే నేను స్టీరింగ్ పట్టాను. ఆమెతో వచ్చిన మిహ్రాన్‌గారు పెట్టెలు ఎత్తారు. ఆరు ట్రిప్పులు తిరిగాం. ఆఖరి పెట్టె రేకుల కిందికి చేరాక తొలి చినుకు నా మెడ మీద పడింది. క్షణంలో కుండపోత.

నానమ్మ అందరికీ లవాష్ రొట్టె, జున్ను పంచింది. అప్పుడు చూశాను, లారీ వెనక గోనెపట్టా కింద ఓ గేర్‌బాక్స్ ఉంది. పెద్దది, శుభ్రంగా తుడిచినది.

"ఇది ఎవరిది?" అన్నాను.

అర్పినే పట్టాని మళ్ళీ కప్పబోయింది. మిహ్రాన్‌గారు రొట్టె నములుతూ చెప్పారు.

"నీదే. నీ ఇంజన్‌కి సరిపోయేట్టు మూడు వారాల కిందటే తయారుచేసింది. అప్పట్నుంచి బెంచీ కింద పెట్టుకుని రోజూ తుడుస్తోంది. నాకేం అర్థం కాక ఊరుకున్నా."

నేను ఆమె దగ్గరికి వెళ్ళాను. రేకుల మీద వాన హోరుకి దగ్గరగా నిలబడితే తప్ప మాట వినబడదు. ఆ వానకి నేను చాలా రుణపడి ఉన్నాను.

"రెడీ అయిందని చెప్పలేదేం?"

"చెబితే బిగించాలి. బిగిస్తే నువ్వు మళ్ళీ రావు" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీ పంట పోయి ఉంటే నన్ను నేను క్షమించుకునేదాన్ని కాదు."

"నేనూ అందుకే తర్వాత అన్నాను. పాడైతే మళ్ళీ నీ దగ్గరికి రావచ్చని. ఏమీ పాడవకపోయినా రానా?"

"రోజూ రా" అంది.

నానమ్మ చెవులు మాత్రం ఏ వానకీ లొంగవు. మిహ్రాన్‌గారి చేతిలో ఇంకో రొట్టె పెట్టి, "మీ అమ్మాయి బండి సంగతి చూసింది. ఇక వీడి సంగతి కూడా చూడమనండి, మా వల్ల కావడంలేదు" అంది. ఆయన రొట్టెని రెండుగా తుంచి సగం నానమ్మకే ఇచ్చారు. మా పెళ్ళిమాటలు అక్కడే అయిపోయాయి.

మరుసటి ఆగస్టులో దీవెనకి ద్రాక్ష ఇచ్చే వంతు మిహ్రాన్‌గారిది. పెట్టెలు నా పికప్‌లోనే వెళ్ళాయి. బండి చప్పుడు లేకుండా లాగుతోంది. పక్కన నా భార్య, ఆమె ఒళ్ళో నాలుగో పెట్టె. అదే సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది.

అర్పినే అటూ ఇటూ చూసి, ఒక పండు తుంచి నోట్లో వేసుకుంది.

"దీవెన కాలేదు" అన్నాను.

"ఏడాదిగా ఆ పాపం నువ్వొక్కడివే మోస్తున్నావు" అంది నములుతూ. "ఇక పోనియ్, పచ్చదీపం పడింది."