కేసు షీట్లో పేరు

పెద్దగా కోత పెట్టకుండా చేసే ఆపరేషన్ నేను మొదటిసారి చూసింది 2006 వానాకాలంలో. అమలాపురంలో మా చిన్న ఆసుపత్రికి సర్జన్ శ్రీరామచంద్రమూర్తి గారు కెమెరా, టీవీ వెంటేసుకుని కాకినాడ నుంచి వచ్చారు. నేను థియేటర్ నర్సుని. తాళంకన్నమంత మూడు చిల్లులతో పనైపోతుందంటే సంబరపడ్డాను.

పేషెంటు ఆరేళ్ల పిల్ల, రాజోలు అనితకి ఒక్కగానొక్క కూతురు. ఎడమ కిడ్నీ నుంచి దిగే గొట్టం పుట్టుకతోనే ఇరుకు. మూత్రం దిగక కిడ్నీ ఉబ్బిపోయింది. థియేటర్ తలుపు దగ్గర అనిత నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టర్ గారండీ, దీన్ని చిన్నీ అని లేపండి. కాయితంలో ఏంజెల్ అనుంటుంది. ఆ పేరు మాత్రం పిలవకండి."

"అదేంటమ్మా?"

"పోయిన పెద్దదాని పేరండి. దానికీ ఇదే జబ్బు. ఇక్కడే పొట్ట కోసి చేసేరు. మత్తులోంచి లేవలేదు. ఏడాదికి ఇది పుడితే, పెద్దదే తిరిగొచ్చిందని మా అత్తగారు ఆ పేరే పెట్టించేరు. అక్కుండేదని దీనికి ఇప్పటికీ చెప్పలేదండి."

"ఆయ్, అలాగేనమ్మా" అన్నాను. ఇంత చిన్న మాట మర్చిపోతానా అనుకున్నాను.

మధ్యాహ్నం రెండు గంటలు. టీవీ బాగా కనబడాలని దీపాలు ఆర్పేశారు. చీకట్లో పొట్టలోకి ఎక్కించే గ్యాసు బుస, స్పిరిట్ వాసన, తెర మీద ఆ పిల్ల కడుపులోని ఎర్రటి వెలుగు. ఇరుకు ముక్క తీసేసి గొట్టాన్ని మళ్ళీ కుట్టారు. మూడు గంటలు పట్టినా అంతా సవ్యంగానే జరిగింది.

"ఇక పేరు పెట్టి పిలవండి సిస్టర్, లేస్తుంది" అన్నారు మత్తు డాక్టరు సుందరరావు గారు. దీపాలింకా వెయ్యలేదు. నా కాళ్లు పీకుతున్నాయి. చేతిలో కేసు షీటుంది. చూసి చదివేశాను.

"ఏంజెల్... ఏంజెల్!"

"ఆయ్..."

పిల్ల నోట్లో ఊపిరి గొట్టం ఇంకా అలాగే ఉంది. పెదవులు కదల్లేదు. ఆ గొంతు గోడవైపు నుంచి వచ్చింది... అక్కడున్నది ఖాళీ స్ట్రెచరు. సుందరరావు గారు నావైపు చూశారు. ఆయనా విన్నారు.

"చిన్నీ..." అన్నాను. "చిన్నీ తల్లీ..."

ఎవరూ పలకలేదు. పిల్ల మాత్రం కళ్లు తెరిచింది.

ఊపిరి గొట్టం తీశాక అనితని లోపలికి రానిచ్చాం. ఏడుస్తూ పిల్ల నుదురు ముద్దుపెట్టుకుంది. పిల్ల ఆమెను చాలాసేపు చూసింది.

"నీ జుట్టు తెల్లబడిపోయిందేంటమ్మా?" అంది. తర్వాత గోడవైపు వేలు చూపించింది. "చెల్లిని కూడా లేపమను. చీకట్లో పడుకుండిపోయింది..."

నేను ఇప్పటికీ థియేటర్ తలుపేసే ముందు గోడవైపు తిరిగి చిన్నీ అని పిలుస్తాను. ఒక్కసారైనా పలకలేదు.