మూడో పిలుపు

పేరు పెట్టి ఎవరు పిలిచినా మూడో పిలుపుదాకా పలకరాదని, చనిపోయినవారు రెండుసార్లకు మించి పిలవలేరని పరకాల చుట్టుపక్కల పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. దానికి ఆధారం లేదు. అయితే పంచాయతీ పోలింగ్ నాటి ఉదయం ఆ నమ్మకం పరీక్షకు వచ్చింది.

పోలింగ్‌కు ముందురోజు మధ్యాహ్నం, ఎనుమాముల మార్కెట్ యార్డులో, మిర్చి బస్తాల నడుమ ఒక పెద్దమనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. ఖరీదుదారు వేషంలో ఉన్న ఏజెంట్ ఫ్రాన్సిస్ ఆయన ముందు ఆగి, గుప్పెడు కాయలు తీసి చూశాడు.

“తేజ మిర్చి ఎంత పలికింది?”

“తడి సరుకు. ఎవరూ అడగలేదు.”

కోడ్ సరిపోయింది. ఆ పెద్దమనిషి, గూఢచారి విభాగాధిపతి రాజేశ్వర్ రావు, రెండు తుమ్ముల మధ్య బ్రీఫింగ్ పూర్తి చేశాడు. హనుమకొండలో శిరీష అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉంది. ప్రజాస్వామ్యానికి ఉపకరించే సాంకేతికతను తయారుచేసేవారికిచ్చే ఒక ఫెలోషిప్ మీద ఆమె ‘గొంతుక’ అనే ఫోన్ లైను నిర్మించింది. పోలింగ్ రోజున అది తొమ్మిది పల్లెల ఓటర్లకు ఫోన్ చేసి, చదువు రానివారికి బూత్ ఎక్కడో, వరుస సంఖ్య ఎంతో చెబుతుంది. అందులో వినిపించేది శిరీష తల్లి ఏసమ్మ గొంతు; ఏ మాట టైపు చేసినా కంప్యూటర్ ఆ గొంతుతో పలుకుతుంది. ఏసమ్మ ముప్పై ఏళ్లు ఆ పల్లెల్లో సూదిమందు వేసిన నర్సమ్మ. నాలుగు నెలల క్రితం చనిపోయింది. గొంతు మాత్రం పని చేస్తూనే ఉంది.

“సముద్రం అవతలి ముఠా ఒకటి ఆ లైను మీద కన్నేసింది. రేపటిది రిహార్సల్. ఇక్కడ పాచిక పారితే రాష్ట్రమంతా చేస్తారు.”

“లోపలి మనిషి?”

“ఫెలోషిప్ మెంటర్ సుప్రియ. మన ఏజెంటే. వారం రోజులుగా వాళ్ల ఏజెంటు కూడా అని నా అనుమానం.”

ఆయన ఒక చెవిటి మిషన్ అందించాడు. పాతిక గజాల లోపల ఎవరు ఫోన్‌లో మాట్లాడినా అది పట్టి వినిపిస్తుంది.

మరునాడు ఉదయం ఆరూ నలభైకి, ఫెలోషిప్ పరిశీలకుడి వేషంలో ఫ్రాన్సిస్ హనుమకొండ ఆఫీసులో కూర్చున్నాడు. శిరీష లైనును చివరిసారి సరిచూస్తోంది. స్పీకరులో ఏసమ్మ ఒక పేరును మూడుసార్లు పిలిచి, బూత్ నంబరు చెప్పింది. ఐదు అనే అంకెకు ముందు చిన్న దగ్గు.

మూడుసార్లు ఎందుకని ఫ్రాన్సిస్ అడిగాడు. మూడుసార్లు పిలవకపోతే మనవాళ్లు పలకరని తల్లే పట్టుబట్టిందని శిరీష చెప్పింది.

“ఆ దగ్గు తీసేద్దామనుకున్న సార్. చెయ్యి రాలె.”

ఆత్మలను కాలేజీ రోజుల్లోనే కొట్టిపారేసినవాడు ఫ్రాన్సిస్. అయినా ఆ గొంతు మళ్లీ దగ్గినప్పుడు ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

నెమలికంఠం రంగు పట్టుచీరలో సుప్రియ లోపలికి వచ్చింది. ఇద్దరినీ నవ్వుతూ పలకరించి, ఫోన్ తీసుకొని బాల్కనీలోకి వెళ్లింది. చెవిటి మిషన్ పలికింది.

“పాస్‌వర్డ్ ఛేంజ్డ్. ఫస్ట్ బ్యాచ్ సిక్స్ ఫిఫ్టీ, టూ సిక్స్‌టీ నంబర్స్. రెస్ట్ ఎట్ సెవెన్ షార్ప్.”

ఆ వెంటనే అదే ఫోన్‌లో మరో గొంతు నమూనాగా వినిపించింది. ఏసమ్మది.

“ఓట్లు రేపటికి వాయిదా పడ్డయి. ఇయ్యాల ఎవ్వలు రాకుండ్రి.”

ఫ్రాన్సిస్ బాల్కనీ చేరేసరికి అక్కడ అత్తరు వాసన మాత్రమే మిగిలింది. బయటి మెట్ల కింద ఆమె కారు కదిలింది.

లైనును ఆపడానికి శిరీష మూడుసార్లు ప్రయత్నించింది. పాస్‌వర్డ్ పని చేయలేదు. సర్వరు ఏ దేశంలో ఉందో ఆమెకే తెలియదు. పీకేయడానికి వైరు లేదు. ఆరూ యాభై మూడు. ఫ్రాన్సిస్ ఫోన్ చేస్తే, తొమ్మిది పల్లెలకూ పోలీసు జీపులు చేరడానికి గంట పడుతుందని రాజేశ్వర్ రావు చెప్పాడు. పోలింగ్ ఒంటిగంటకు ముగుస్తుంది. పొలాలకు పోయినవారిని వెనక్కి పిలిచేదెవరు?

“ఇంకో దారి లేదా?”

శిరీష కీబోర్డును పక్కకు జరిపి ఫోన్ అందుకుంది. తరువాత చెప్పింది. గొంతు ఇచ్చినవారు గాని వారి వారసులు గాని ఎప్పుడైనా సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. ఫెలోషిప్ పెట్టిన మొదటి షరతు అది. అప్పుడు ఆ గొంతు లైనులో ఎవరి చేతిలో ఉన్నా పూర్తిగా చెరిగిపోతుంది, మళ్లీ రాదు. దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, వారసుల ఫోన్ నుంచి లైనుకు ఒక కాల్ చాలు.

“వేరే రికార్డింగు?”

“లేదు సార్. అమ్మ ఫోన్‌ల ఫోటోలే ఉన్నయి.”

ఫ్రాన్సిస్ తన గడియారాన్ని ఆమెకు కనబడకుండా తిప్పుకున్నాడు. చెయ్యమని అనలేదు.

ఆరూ యాభై తొమ్మిదికి ఆమె లైను నంబరు నొక్కింది.

“శిరీషా.”

ఆమె పలకలేదు.

“శిరీషా.”

పలకమని ఫ్రాన్సిస్ చేత్తో సైగ చేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మూడో పిలుపు తరువాతే తాళం తెరుచుకుంటుంది.

“శిరీషా.”

“ఓ అమ్మా.”

“నా గొంతు తీసేయమంటవా బిడ్డా?”

ఈ ప్రశ్నను ఏసమ్మ బతికుండగా తనే నవ్వుతూ రికార్డు చేయించింది. ఆ నవ్వు చివరి మాటలో ఇంకా ఉంది. గడియారంలో పన్నెండు సెకన్లు మిగిలాయి. తొమ్మిది. ఆరు.

“తీసెయ్యమ్మా.”

“మంచిది బిడ్డా. పైలంగ ఉండు.”

లైను మూగబోయింది.

ఏడు గంటలకు మోగవలసిన నాలుగు వేల యాభై రెండు ఫోన్లు మోగలేదు. సుప్రియను ఏడూ ఇరవైకి కాజీపేట దగ్గర పట్టుకున్నారు.

ఆరూ యాభైకి వెళ్లిన రెండు వందల అరవై కాల్స్ మీద తరువాత విచారణ జరిగింది. ఓటర్ల కాల్స్‌లోని మూడు పిలుపులను ప్రోగ్రాములో పొరపాటు అనుకొని, ముఠా ఇంజనీర్లు వాటిని ఒకటికి కుదించారు. రెండో పిలుపు, మూడో పిలుపు రాకపోవడంతో రెండు వందల యాభై తొమ్మిది మంది పలకకుండా ఫోన్ పెట్టేశారు. చివరిదాకా విన్నది ఒక్కరే. ఏసమ్మతో చిన్ననాటి స్నేహం ఉన్న మొగిలమ్మ అనే నాట్ల కూలీ. ఎందుకు విన్నావని ఫ్రాన్సిస్ అడిగాడు.

“ఒక్కపారే పిలిచింది. మా ఏసమ్మ కాదని అప్పుడే ఎర్కైంది. అయినా గొంతు దానిదే గద సారూ. జర సేపు విన్న.”

మొగిలమ్మ ఎనిమిది గంటల పది నిమిషాలకు ఓటు వేసింది.