ఒక్క లైను కోసం

ఏజెంట్ అంబదాస్ శవం ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లు వెనక, పత్తి కుప్పలో దొరికింది. చచ్చేముందు అతను గూఢచారి డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేసి చెప్పింది ఒకే మాట: "ఫ్యాన్ ఆపుతరు."

కరీంనగర్‌లో ఒక అద్దె ఇంట్లో ఆ డిపార్ట్‌మెంటు చీఫ్ జనార్దన్‌రావు శవం ఫోటో బల్ల మీద పెట్టాడు. ఏజెంట్ కొమురెల్లి చూశాడు. మొన్నటిదాకా కలిసి చాయ్ తాగిన మనిషే. అయినా ఏమీ అనిపించలేదు. పోయినేడు నాగపూర్‌లో తోటి ఏజెంట్ తన ఒళ్లోనే ప్రాణం విడిచినప్పటి నుంచి అంతే. అన్నం కూడా అలవాటు కొద్దీ తింటున్నాడు.

"చెన్నూరు దిక్కు ఒక బొగ్గుబాయి," అన్నాడు చీఫ్. "లోపటికి గాలి పంపే ఫ్యాన్‌ను కంప్యూటర్ నడిపిస్తది. విదేశీ ముఠా దాని ఫైల్ మార్చింది. ఇయ్యాల పగటీలి మూడింటికి ఫ్యాన్ బందైతది. చేతి స్విచ్ తీగ కోసేసిండ్రు. కంప్యూటర్ ఆపితే ఫ్యాన్ గూడ ఆగుతది. షిఫ్టును మీదికి పిలిస్తే ముఠాకు ఎర్కయితది, అప్పుడే ఆపుతరు."

"షిఫ్టుల ఎవలున్నరు?"

చీఫ్ కాస్త తటపటాయించాడు. "మీ అన్న పోశం."

"సరే," అన్నాడు కొమురెల్లి. ఆ గొంతు ఇంకెవరిదో అనిపించింది.

చీఫ్ ఫ్లాపీల డబ్బా ఒకటి, విడి ఫ్లాపీ ఒకటి ముందుకు తోశాడు. "డబ్బాల పెద్ద ప్యాకేజీ ఉంది. రాసుడు, కంపైల్ చేసుడు, తప్పులు వట్టుడు అన్నీ అండ్లనే. గీ ఒక్కదాంట్ల ఫైల్ దిద్దే చిన్న ఎడిటర్. ఒకపారి ఒక్క లైనే చూపిస్తది. ఏది వాడుతవో నీ ఇష్టం. అక్కడ ప్రమోదిని ఉంటది, మన మనిషే."

ఖాకీ బట్టలు, పెట్టుడు మీసం, చేతిలో పానాల సంచి. మెకానిక్ వేషంలో కొమురెల్లి కంట్రోల్ రూం చేరేసరికి మూడు కావస్తోంది. కంప్యూటర్ అమ్మిన విదేశీ కంపెనీ ప్రతినిధి ప్రమోదిని సిల్కు చీర, నల్ల కళ్లద్దాలతో ఎదురొచ్చింది.

"గోదావరిల నీళ్లెట్లున్నయి?" అన్నాడు కొమురెల్లి.

"చెన్నూరు కాడ మోకాల్లోతే." కోడ్ సరిపోయింది.

డబ్బా చూసి ఆమె మొహం వెలిగింది. "పెద్దదే ఎక్కియ్యుండ్రి. ప్రోగ్రామంత ఒక్కపారే కనవడ్తది, తప్పు అదే చూపిస్తది. గా చిన్నదానితోని చీకట్ల తడుముకునుడే."

ఏ ప్రోగ్రామరైనా అదే అంటాడు. కొమురెల్లి డబ్బాలోంచి మొదటి ఫ్లాపీ తీశాడు. అలవాటుగా మెమొరీ ఎంత మిగిలిందో చూశాడు. ఆగిపోయాడు.

"ఇది ఎక్కితే ఫ్యాన్ ప్రోగ్రాం మెమొరీల నుంచి దిగిపోతది. ఫ్యాన్ గిప్పుడే ఆగుతది. ఈ మెషీన్ అమ్మినోళ్లకు తెల్వదా?"

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి తీసిన లిప్‌స్టిక్ కొస అతని మెడకు చల్లగా తగిలింది. అది బుల్లి పిస్తోలు.

"లెవ్వు అక్కడికెల్లి!"

అతను చిన్న ఎడిటర్ ఎక్కించాడు. అది మిగిలిన మెమొరీలోనే పట్టింది. ఫైల్ తెరిచి ఒక్కో లైనే రప్పించసాగాడు. ముందేముందో, వెనకేముందో కనిపించదు. ఏడాదిగా అతను బతుకుతున్నదీ అలాగే.

"కాలుస్త!"

"కాల్చు."

అది ధైర్యం కాదు. భయం రావాల్సిన చోట ఏమీ లేదంతే. ఆమె బెదిరించిన వాళ్లంతా ఇంతవరకు బెదిరినవాళ్లే. బెదరని మనిషిని ఏం చేయాలో ఆమెకు తోచలేదు. మూడింటికి ఫ్యాన్ ఆపమనే లైను వచ్చింది. కొట్టేశాడు. సేవ్ చేశాడు. గోడ గడియారం మూడు కొట్టింది.

బయట ఫ్యాన్ హోరు ఆగలేదు.

వెనక్కి తిరిగి పిస్తోలు లాక్కున్నాడు. "అంబదాస్‌ను సంపింది నువ్వేనా?"

"ఔ."

కోపం రావాలి. ఎదురుచూశాడు. రాలేదు. ఆమె చేతులు కట్టేసి కాపలావాళ్లను పిలిచాడు.

షిఫ్టు దిగాక పోశం పైకొచ్చాడు. ఒళ్లంతా బొగ్గు. పెట్టుడు మీసం ఉన్నా తమ్ముణ్ణి ఇట్టే పోల్చుకుని భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉందని కొమురెల్లికి తెలిసింది. చాలా రోజులకు ఒకటి తెలిసింది.

"ఎప్పుడొచ్చినవ్‌ర? ఏం పని మీద?"

"కంప్యూటర్ల ఒక్క లైను కొట్టేసిన అన్నా. గంతే."

పోశం గేటు దగ్గరున్న సర్కారు జీపు వైపు, తమ్ముడి వైపు చూశాడు.

"గా ఒక్క లైనుకు సర్కారు నిన్ను జీపేసి తోల్కొచ్చిందా?"