గాజుపెట్టెలో రాయి

ఆమె అసలు పేరు ల్యాబులో ఎవరికీ గుర్తులేదు. పాలు తెల్లగా ఉన్నాయంటే "ఏ వెలుగులో చూశారు?" అని అడిగే మనిషి కాబట్టి అందరూ శంకమ్మ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది స్వయానా ఆమె వదిన. ఇద్దరిదీ ఒకటే పని, రాళ్లను పరీక్షించడం.

ఆ మధ్యాహ్నం వాళ్ల ముందున్నది అంగారకుడి నుంచి తెచ్చిన రాయి. పిడికెడంత ఉంటుంది. గాలి చొరబడని గాజుపెట్టెలో పెట్టారు. పెట్టెకి పొడవాటి రబ్బరు తొడుగులు రెండు బిగించి ఉన్నాయి. బయటి నుంచి వాటిలో చేతులు దూర్చి లోపలి రాయిని తిప్పాలి.

"ఈ నల్ల గీతలు చూడు, పూసలు గుచ్చినట్టున్నాయి. పక్కనే కర్బనం. ఒకప్పుడు ప్రాణమున్నదే ఇది," అంది వదిన.

"గోడ మీద చెమ్మ మరకలో మొహం కనబడితే గోడకి ప్రాణమున్నట్టా? ఉప్పునీళ్లు ఆరినా ఇలాగే పూసలు కడతాయి. కర్బనం ఉల్కల్లోనూ దొరుకుతుంది. మిగతా కారణాలన్నీ కొట్టేశాకే ప్రాణమనే మాట ఎత్తాలి వదినా."

ఇద్దరూ సంతకం పెడితే తప్ప సంగతి లోకానికి చెప్పరు. వదిన ఏళ్ల కష్టం ఈ మరదలి ఒక్క మాట మీద ఆగి ఉంది.

"నీకంటే ఆ రాయే నయం, ఎదురు చెప్పదు," అని వదిన నవ్వుకుంటూ పక్కగదికి వెళ్లింది. బరువైన తలుపు దానంతటదే మూసుకుంది.

గదికి కిటికీ లేదు. గాలి తోడే ఫ్యాను హోరు. ముక్కుకి పట్టేసే రబ్బరు వాసన. శంకమ్మ మోచేతుల దాకా చేతులు దూర్చి, రాయిని ఎత్తి, దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి దించింది. చేతులు వెనక్కి లాగింది.

రాలేదు.

చెమటకి అంటుకున్నాయనుకుంది. ఇంకా గట్టిగా లాగింది. పెట్టెలో గాలి ఒత్తిడి మారిందేమోనని మీటరు ముల్లు చూసింది. మామూలుగానే ఉంది. తిమ్మిరా? వేళ్లు ఆడుతున్నాయి. కుడి చూపుడు వేలు వంచి చూసింది.

దాని పక్కన... ఇంకోటి వంగింది.

పెట్టెలో కాదు. తొడుగు లోపల, రబ్బరుకి ఇవతల, ఆమె చర్మానికి ఆనుకుని. సన్నగా... చల్లగా...

రబ్బరు ముడతే. మళ్లీ వంచింది. మళ్లీ వంగింది. ముడతే అయ్యుంటుంది... ఈసారి ఊపిరి బిగబట్టి, వేలు కదపకుండా ఉంచింది.

అది వంగింది.

"వదినా..."

గోడకున్న స్పీకర్లో వదిన గొంతు పలికింది. "ఏమైంది?"

"నా చేతులు... పట్టుకుంది."

"ఏది?"

శంకమ్మ మళ్లీ ముల్లు వైపు చూసింది. అది కదల్లేదు.

"చెమటేమోనే. ఒత్తిడేమో." వదిన గబగబా అంది. "ఏదో ఒకటి చెప్పు. నువ్వైనా కాదను..."

"అన్నీ కొట్టేశాను వదినా."

వేళ్ల సందుల్లోకి ఒక్కొక్కటే దూరుతున్నాయి. మణికట్టు చుట్టూ మెల్లగా బిగుస్తోంది. గాజు అవతల రాయి మాత్రం ఏమీ ఎరగనట్టు పడి ఉంది.

తలుపు తోసుకుని వదిన వచ్చింది. మరదలి నడుం పట్టి ఒక్క గుంజు గుంజింది. చేతులు తొడుగుల్లోంచి బయటికొచ్చాయి. ఇద్దరూ వెల్లకిలా పడి, లేచి, బయటికి పరుగెత్తారు. తలుపు మూసి గడియ తిప్పారు.

వరండాలో ఎండ వెచ్చగా ఉంది. ఎవరో కబుర్లు చెప్పుకుంటున్నారు. శంకమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వదిన ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసింది. మచ్చ లేదు, గాటు లేదు.

"ఏం లేదు తల్లీ. అయిపోయింది." అంతలోనే మొహం చిట్లించింది. "అబ్బా... అంత గట్టిగా పట్టుకోకే, నొప్పి!"

శంకమ్మ అరచేతులు తెరిచే ఉన్నాయి.