అడగకముందే చెప్పాలి

ఆ రోజు తెల్లవారేసరికి మా ఇంట్లో ఆరుగురం ఉన్నాం. మన్యం జ్వరంతో మంచం పట్టిన నాన్న వరహాలరావు, ఆయన నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్న అమ్మ రత్నాలు, అమ్మ తమ్ముడు గంగరాజు మావయ్య, వంటింట్లో అసిరమ్మ, శాల దగ్గర ఎడ్లకు కుడితి పెడుతున్న బండి మంగ్లు, నేను. నా పేరు పైడితల్లి. సాయంత్రానికి ఐదుగురమే మిగిలాం. మంగ్లును కొండదారి ఘాటీ చౌకీలో పోలీసులు పట్టుకున్నారు.

నాన్న కలప కంట్రాక్టరు. అడవిలో ఉండే మనిషి కాబట్టి ఆయనకు రివాల్వరు ఉంది, దానికి సర్కారు ఇచ్చిన లైసెన్సు ఉంది. మన్యంలో సర్కారు మీద లేచిన పితూరీ అణిగి అప్పటికి ఏడాది. కొండ దిగే ప్రతి బండినీ ఘాటీ మలుపు దాటగానే చౌకీలో ఆపేవారు. ఆయుధం ఉన్నవాడు పోలీసులు అడగకముందే ఆ సంగతి చెప్పాలి, లైసెన్సు చూపించాలి. చెప్పకుండా దొరికితే సంకెళ్లే. నాన్న బండి ఆగకముందే రెండు చేతులూ పైకి కనపడేలా పెట్టి, "తుపాకి ఉంది, లైసెన్సు ఉంది" అని గట్టిగా అరిచేవాడు. కాగితం చూసి కానిస్టేబులు కాళ్లు దగ్గరికి చేర్చి సలాం కొట్టేవాడు. ఇంట్లో అమ్మ నవ్వేది. "దేవుడికాడికెల్లినా ముందు అదే సెప్తావేటి?" అనేది.

ఆ రోజు మంగ్లు బియ్యానికి శృంగవరపుకోట బయలుదేరాడు. చౌకీలో బండిలోని గడ్డిని లాఠీతో పొడిస్తే, అడుగున నాన్న రివాల్వరు బయటపడింది. కొండవాడి బండిలో తుపాకి! పితూరీదార్లకు అందించబోతున్నాడన్నారు. కాళ్లు చెక్క బొండలో బిగించి కూర్చోబెట్టారు.

"గంగరాజు బాబు బండెక్కినాడు. మలుపుకాడ దిగి వలిసె సేలోకి పోనాడు. తుపాకి సంగతి నాకు తెల్దు" అన్నాడట మంగ్లు. ఎవరూ నమ్మలేదు. మావయ్య ఆ రోజు నడిచి హుకుంపేట సంతకు వెళ్లానన్నాడు. ఆ మాటే అందరికీ చాలింది.

ఆ సాయంత్రం అమ్మ నా జబ్బ పట్టుకుని గదిలోకి లాగింది.

"నువ్వేటీ సూడనేదు, గుంటా. ఇన్నావా?"

నేను తలూపాను. వచ్చే మాఘంలో నన్ను మావయ్యకే ఇవ్వాలని అమ్మ కోరిక. అప్పటి నుంచి నన్ను గడప దాటనివ్వలేదు. కిటికీ కమ్మీల్లోంచి వీధి అరుగు మాత్రం కనిపించేది. అరుగు మీద మంగ్లు తల్లి సోములమ్మ కూర్చుని ఉండేది. గంజి ఇస్తే తాగేది కాదు. పొద్దున్నే మంచులో ఆమె గొంగడి కూడా కనిపించేది కాదు, దగ్గు మాత్రం వినిపించేది. ఆ దగ్గు వినిపించినప్పుడల్లా ఇంటి గోడలు నా మీదికి జరిగినట్టుండేది.

రివాల్వరుతో పాటు బీరువాలోంచి లైసెన్సు కాగితం కూడా పోయింది. అది దొరక్కపోతే నాన్న కలప కొట్టే కూపు రద్దవుతుంది. ఆయన జ్వరంలోనే విశాఖపట్నం కబురు పెట్టాడు. పోలీసు ఉద్యోగం మానుకుని సొంతంగా నేరాలు పరిశోధించే సర్వేశ్వరరావు గారు ఒక పొద్దున్నే మంచు విడవకముందే వచ్చారు. సన్నటి మనిషి. మాట కూడా సన్నమే. వెంట ఆయన సహాయకుడు సింహాద్రి.

సింహాద్రికి తన గురువును పొగడటమంటే ఇష్టం. వంటింటి గుమ్మంలో కూర్చుని అసిరమ్మతో చెబుతుంటే విన్నాను.

"వచ్చేటప్పుడు చౌకీలో మా బాబు అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? మంగ్లు బండి ఆపగానే ఏం చేశాడు అని! తుపాకి గురించి కాదు."

"ఏటి సేసినాడట?"

"గొడ్డలి తీసి నేల మీద పెట్టి, 'బాబూ, నాకాడ గొడ్డలుంది' అన్నాడట. కానిస్టేబుళ్లు ఇప్పటికీ నవ్వుతున్నారు."

"నవ్వరేటి మరి! పితూరీలో కత్తీ గొడ్డలీ సంగతి సెప్పనోళ్ల ఈపులు సీల్చింది ఆళ్లే కదా."

సర్వేశ్వరరావు గారు ముందు బీరువా చూశారు. తాళం బద్దలు కాలేదు. తర్వాత నాన్న మంచం దగ్గర కూర్చున్నారు.

"ఎన్నాళ్లుగా పడుకున్నారు?"

"వలిసె చేలు ఇంకా మొగ్గ తొడగలేదండి, అప్పటి నుంచి. ఇప్పుడు పసుప్పచ్చగా పూసాయటగా. మంచం దిగితేగా చూడ్డానికి."

"మీరు బయటికి వేసుకెళ్లే కోటు?"

నాన్న గోడ వైపు చూపించాడు. నల్ల కోటు చిలక్కొయ్యకు వేలాడుతోంది. సర్వేశ్వరరావు గారు దాన్ని దించి, అటూ ఇటూ తిప్పి, మళ్లీ తగిలించారు. ఆ తర్వాత మావయ్యను పిలిచారు.

"సంతలో ఏం కొన్నారు?"

"చింతపండు బేరానికెళ్లానండి. కుదరలేదు."

"ఉదయం మంగ్లును చూశారా?"

"లేదండి. వాడి ముందే బయలుదేరాను."

"చౌకీలో మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?"

"కొత్త కానిస్టేబుళ్లండి. బావ మంచం పట్టాక వచ్చారు. పాత హెడ్డు సెలవు మీద పోయాడు."

"ఆయన మంగ్లు దొరికిన రోజు ఉదయమే తిరిగొచ్చాడు. మీకు తెలీదా?"

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "నాకెలా తెలుస్తుందండి?"

సర్వేశ్వరరావు గారు ఇంకేం అడగలేదు. అందరికీ వినపడేలా నాన్నతో అన్నారు: "రేపు పోలీసు పెద్ద దొర చౌకీకి వస్తారు. లైసెన్సు కాగితం ఇంట్లోనే ఉంటే మీకు భయం లేదు, కేసు మంగ్లు ఒక్కడి మీదే. లేకపోతే మీ కూపు ఉండదు. మరోసారి బాగా వెతకండి. బీరువాకు తాళం వెయ్యకండి." అని చెప్పి సింహాద్రితో కలిసి అలా రోడ్డు మీదికి వెళ్లారు.

భోజనాలయ్యేసరికి లైసెన్సు బీరువాలో ఉంది. నాన్న జ్వరానికి వాడే కొయినా మందు సీసాల కింద, చక్కగా మడత పెట్టి.

"దొరికింది! గాభరాలో చూసుకోలేదు బావా" అన్నాడు మావయ్య. అమ్మ దేవుడి పటానికి దణ్ణం పెట్టింది.  కాగితం దొరికింది కాబట్టి ఇక మంగ్లు ఒక్కడే మిగిలాడు.

పొద్దు వాలుతుండగా సర్వేశ్వరరావు గారు పాత హెడ్డు కానిస్టేబులును వెంటబెట్టుకుని తిరిగొచ్చారు. అందరినీ నాన్న గదిలోకి పిలిచారు. నాన్న దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ ఆయన కాళ్ల దగ్గర. మావయ్య కిటికీ పక్కన. అసిరమ్మ గుమ్మంలో. నేను తలుపు చాటున. సింహాద్రి ఆ గదికున్న వీధి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"అడగకముందే తన గొడ్డలి చూపించినవాడు, బండిలో తుపాకి ఉందని తెలిసి చౌకీకి నేరుగా తోలుకొస్తాడా?" అని మొదలుపెట్టారు సర్వేశ్వరరావు గారు. "సరే, గొడ్డలి చూపించడం టక్కరి ఎత్తే అనుకుందాం. అయినా ఒకటి మిగులుతుంది. తుపాకి దొంగకు లైసెన్సు ఎందుకు?"



"పితూరీదార్లు లైసెన్సు చూపించి కాల్చరు. ఆ కాగితం పనికొచ్చే చోటు చౌకీ ఒక్కటే. పనికొచ్చే మనిషి కూడా ఒక్క రకం. 'నేనే వరహాలరావును' అంటే కొత్త కానిస్టేబులు నమ్మాలి. గొంగడి కప్పుకున్న మంగ్లును ఎవరు నమ్ముతారు? కోటు వేసుకున్న మైదానపు మనిషైతే నమ్ముతారు."

హెడ్డు మీసం దువ్వుకుంటూ మావయ్య వైపు తిరిగాడు.

"ఆ మనిషి బండెక్కాడు. మలుపు దగ్గర చౌకీ కనపడింది. కొత్తవాళ్ల ముందు ఈ హెడ్డు గారు నిలబడి ఉన్నారు. వరహాలరావు గారింట్లో ఎన్నోసార్లు భోంచేసిన మనిషి! ఇంక కాగితం చూపించలేడు. నడిచివెళ్లేవాళ్లను కూడా సోదా చేస్తారు కాబట్టి తుపాకి ఒంటి మీద ఉంచుకోలేడు. మంగ్లు ఎడ్లను చూసుకుంటుంటే దాన్ని గడ్డిలోకి తోసి, తను దిగి చేలో పడ్డాడు. కాగితం జేబులోనే మిగిలింది. ఈ పొద్దున నేను దొర పేరు చెప్పాను. మధ్యాహ్నానికి కాగితం బీరువాలోకి నడిచొచ్చింది. మంగ్లు బొండలో ఉన్నాడు. మరి పెట్టిందెవరు?"

"ఎవరూ పెట్టలేదండి. ముందు నుంచీ అక్కడే ఉందేమో" అన్నాడు మావయ్య.

"మీరు వెతికి లేదన్నాక నేనూ వెతికాను. సీసాలన్నీ తీసి చూశాను." సర్వేశ్వరరావు గారు చెయ్యి చాపగానే సింహాద్రి కోటు అందించాడు. అంచు తిరగేస్తే కుట్టులో ఇరుక్కుని వాడిపోయిన పసుప్పచ్చ రేకులు కనిపించాయి. "వలిసె పూలు. వరహాలరావు గారు పడుకునేనాటికి మొగ్గే తొడగలేదు. ఈ కోటు వలిసె చేలో నడిచింది. లోపల మనిషెవరు?"

"ఎవరు పడితే వాళ్లు తీసుంటారు. అసిరమ్మ మొగుడేమో!"

అసిరమ్మకు ఒళ్లు మండింది. "నా మొగుడు పోయి శానా కాలవైంది బాబూ. నీ బావ కోటేసుకోడానికి బూడిదలోంచి లెగిసొచ్చినాడేటి?"

సింహాద్రి నవ్వు ఆపుకున్నాడు. మావయ్య నవ్వలేదు. "ఆ మంగ్లుగాడే ఏసుకునుంటాడు. నేను బండెక్కానని వాడు తప్ప ఇంకొకడు చెప్పమనండి!"

సర్వేశ్వరరావు గారు కోటు మంచం మీద పెట్టారు. ఆయన కళ్లు తలుపు చాటున ఉన్న నా పాదాల మీద ఒక్క క్షణం ఆగాయి. "ఇంక నేనెవర్నీ అడగను" అన్నారు.

 బయట సోములమ్మ దగ్గింది. అమ్మ నా వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడమే ఉంది.  మాట్లాడితే అమ్మ నాకు లేకుండా పోతుంది. మాట్లాడకపోతే మంగ్లు పోతాడు. వెనక గోడ, ముందు అందరూ. ఎటూ దారి లేదు.

"ఆ కోటు నానే తెచ్చిచ్చినాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "సలి పెడతందన్నాడు మావయ్య. నాన్న కండువా కూడా అడిగితే ఇచ్చినాను. బండెక్కి కూకున్నాడు. మంగ్లు గొంగడి పరిస్తే గడ్డి గుచ్చుకుంటందని తిట్టినాడు. నాను అరుగు మీద నిలబడి సూసినాను."

మావయ్య కిటికీ కమ్మీ పట్టుకున్నాడు. 

"అమ్ముకోడానిక్కాదు బావా. శృంగవరపుకోటలో జాతర. ఒక్కసారి... నువ్వు అరిచినట్టు అరవాలనుకున్నాను. 'తుపాకి ఉంది, లైసెన్సు ఉంది.' నాకొక సలాం కొడతారని."

"ఆ సలాం కోసం వాడు బొండలో కూర్చున్నాడు" అన్నాడు నాన్న. "నా ఎదటే కూర్చుని గంజి తాగావు గదరా ఇన్నాళ్లూ!"

"తాళాలు నానే ఇచ్చినాను" అంది అమ్మ తల వంచుకుని. "కొయినా మందు తీత్తానన్నాడు. మంగ్లు దొరికినాక తెలిసింది. నాకున్నది ఒక్క తమ్ముడు."

హెడ్డు లేచి సంకెళ్లు తీయబోతే సర్వేశ్వరరావు గారు ఆపారు. మావయ్య భుజం మీద చెయ్యి వేశారు. "చౌకీ దాకా నడవండి. అక్కడ వాళ్లు అడగకముందే మీరే చెప్పండి. ఇప్పటికైనా."

మావయ్య కోటు లేకుండానే చలిలోకి నడిచాడు. హెడ్డు, సర్వేశ్వరరావు గారు వెనక వెళ్లారు. గడప దగ్గర సింహాద్రి ఆగి, "రాత్రిలోగా మంగ్లును పంపేస్తారు, తల్లీ. ముసలమ్మతో నువ్వే చెప్పు" అని వాళ్లను అందుకోవడానికి పరిగెత్తాడు.

అన్నాళ్ల తర్వాత మొదటిసారి నేను గడప దాటాను. సోములమ్మ పక్కన కూర్చుని చెప్పాను. ఆమె నా చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. చెయ్యి తడిసింది. "గంజి తెత్తాను, అవ్వా" అని లేచాను.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"అమ్మా, సోములమ్మకి గంజి..."

అమ్మ నా మొహం చూడలేదు. తలుపు రెక్కలు రెండూ నెమ్మదిగా దగ్గరికి లాగింది. నేను అరుగు మీదుండగానే లోపల గడియ పడింది.